తడి కుండీలో వాడిన మొక్క



మృగశిర కార్తె వచ్చింది. తొలకరి జల్లు పడగానే పొలం ఉన్నవాళ్లు దుక్కి సంగతి చూసుకుంటారు. బాల్కనీలో కుండీలున్నవాళ్లకు మాత్రం ఇప్పుడే ఒక బెంగ మొదలవుతుంది. రోహిణి కార్తె ఎండలకు కూడా తట్టుకుని నిలబడిన జేడ్ మొక్క, కలబంద, ఎడీనియం, ముద్దుగా ఆకులు పేర్చుకున్న ఎచెవేరియా వానలు పట్టిన కొద్ది వారాలకు ఒకదాని వెనక ఒకటి ఒరిగిపోతుంటాయి. నర్సరీకి వెళ్లి అడిగితే, "నీళ్లెక్కువయ్యాయండీ" అంటారు. "అబ్బే, వారానికి ఒక్కసారే పోశానండీ" అంటాం మనం. విచిత్రం ఏమిటంటే, ఈ మాటల్లో అబద్ధం ఏదీ లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వారానికి ఒక్కసారే పోశాం, సరే. కానీ ఆ పోసిన నీరు మళ్లీ వారం దాకా కుండీలోనే ఉండిపోతే? అప్పుడు ఆ మొక్క వారం రోజులూ తడిలోనే ఉన్నట్టు. కాబట్టి ఎన్ని నీళ్లు పోశాం, ఎన్నిసార్లు పోశాం అన్నది తర్వాత చూసుకోవాల్సిన లెక్క. పోసిన నీరు ఎన్నాళ్లకు ఆరింది అన్నదే ముందు చూసుకోవాల్సిన లెక్క. సక్యులెంట్ల పెంపకంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి వివరణ.

సక్యులెంట్లు అంటే కొత్తగా వచ్చిన ఫ్యాషన్ మొక్కలని కొందరనుకుంటారు. మన కంచెల మీద పాకే నల్లేరు, పొలం గట్ల మీది జెముడు, పప్పులో వేసుకునే గంగవాయిలి కూర, పెరట్లో రణపాల, ఇవన్నీ ఆ కోవలోవే. ఆకులోనో కాండంలోనో వేళ్లలోనో నీరు నిల్వ చేసుకుని, వాన లేని రోజులను నెట్టుకొచ్చే మొక్కలు. ఇంటి మీద ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మనం మోటారు వేయం కదా? వేస్తే నీళ్లు పొర్లి గోడలు నానుతాయి. ఆకులు నిండుగా, గట్టిగా ఉన్న జేడ్ మొక్కకు నీళ్లు పోయడమూ అంతే.

ఈ మొక్కల జీవితంలో ఇంకో మెలిక ఉంది. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది సూక్ష్మరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. ఆ తెరిచిన దారిలోనే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. సక్యులెంట్లలో చాలావాటికి ఆ దుబారా లేదు. పగలు తలుపులు మూసుకుంటాయి. చల్లబడ్డాక, రాత్రిపూట తెరిచి, లోపలికి వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక ఎండ సాయంతో దాన్ని ఆహారంగా మార్చుకుంటాయి.

ఈ సంగతి బయటపడిన కథలో మన సామర్లకోటలో పనిచేసిన ఒకాయనకు కూడా ఒక చిన్న వాటా ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో అక్కడ ఒక వృక్షశాస్త్ర తోట ఉండేది. దాన్ని చూసుకుంటున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తాకు వెళ్లిపోయాక, దాని బాధ్యత కొంతకాలం బెంజమిన్ హేన్ అనే శాస్త్రజ్ఞుడు చూశాడు. రణపాల ఆకును పొద్దున్నే నమిలితే పుల్లగా ఉంటోందని, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతోందని, సాయంత్రానికి చేదెక్కుతోందని ఆయన గమనించాడు. 1813లో ఒక ఉత్తరంలో ఆ ముచ్చట రాస్తే, తర్వాత లండన్‌లోని లిన్నియన్ సొసైటీ దాన్ని అచ్చు వేసింది. రాత్రంతా పోగుపడిన ఆమ్లమే ఆ పొద్దుటి పులుపు. నాలుకతో చేసిన ఆ చిన్న పరిశీలనను వృక్షశాస్త్రం ఇప్పటికీ తలుచుకుంటుంది.

దీనికీ మన కుండీకీ సంబంధం ఏమిటి? గులాబీ మొక్కో మల్లె మొక్కో అయితే, పొద్దున పోసిన నీళ్లలో చాలా భాగం తానే తాగి, ఆకుల గుండా వదిలేసి, సాయంత్రానికి కుండీని సగం ఆరబెడుతుంది. ఎండాకాలంలో కుండీని ఆరబెట్టే పని సగం మొక్కదే. సక్యులెంట్ ఆ పని చేయదు. దాని కుండీ ఆరాలంటే గాలి, ఎండ, అడుగున ఉన్న రంధ్రం, మట్టిలోని సందులు, ఇవే ఆరబెట్టాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తడి లోపలే ఉండిపోతుంది.

ఉండిపోతే ఏమవుతుంది? వేళ్లు నీరు తాగుతాయని అందరికీ తెలుసు. అవి ఊపిరి కూడా తీసుకుంటాయన్నది మనం మరిచిపోతాం. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే వాటి ఊపిరి. ఆ సందులు నీటితో నిండితే ఆక్సిజన్ అందదు. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ కదలిక సుమారు 10,000 రెట్లు నెమ్మది. వేళ్ల కొసలు ముందు చస్తాయి. చచ్చిన చోట ఫైటోఫ్తోరా, పిథియం, ఫ్యుసేరియం వంటి తెగులు క్రిములు చేరతాయి. మట్టిలో ఎప్పుడూ అంతో ఇంతో ఉండేవే ఇవి. బలహీనపడ్డ వేరు దొరికిందాకా కాచుకుని ఉంటాయి. కొన్నిసార్లు బ్యాక్టీరియా కూడా తోడై కణజాలాన్ని జావగా మార్చేస్తుంది. కుండీ దగ్గర ముక్కు పెడితే వచ్చే కుళ్లు వాసన దానిదే.

ఇక్కడే అసలు చిక్కు. వేళ్లు కుళ్లిపోయిన మొక్కకు నీరు తాగే దారి లేదు. చుట్టూ తడి ఉన్నా ఆకులు ముడతలు పడతాయి, వేలాడిపోతాయి. చూసేవాళ్లకు అది దాహం అనిపిస్తుంది. అయ్యో పాపం అని మరో చెంబు పోస్తారు. కుళ్లు ఇంకా పైకి పాకుతుంది. నీరెక్కువై చచ్చిన మొక్కల్లో చాలావాటికి ఆఖరి రోజుల్లోనే ఎక్కువ నీళ్లు అందుతాయి. అందుకే వాడిన సక్యులెంట్ కనబడగానే చేయి మగ్గు మీదికి పోకూడదు, మట్టి మీదికి పోవాలి. మట్టి ఎండిపోయి ఆకు ముడతలు పడితే అది దాహం. మట్టి తడిగా ఉండి ఆకు ముడతలు పడితే అది వేరుకుళ్లు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం మొక్కలు బతుకుతాయి.

ఇంకొన్ని గుర్తులు చెబుతాను. నీరెక్కువైన మొక్కలో కింది ఆకులు ముందు పాలిపోయి పసుపుకు తిరుగుతాయి. వెలుతురుకు ఎదురుగా పెడితే లోపలంతా నీరు చేరినట్టు కనిపిస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా నలుగుతుంది. చేయి తగిలితే చాలు, ఆకు ఊడి కింద పడుతుంది. కాండం మొదట్లో గోధుమ రంగో నలుపో మచ్చ కనబడితే కుళ్లు వేరు దాటి పైకొచ్చిందని అర్థం. అదే దాహమైతే ఆకు పలచబడుతుంది, ముడుచుకుంటుంది, కొసలు గలగలా ఎండుతాయి, కానీ జావగారదు. ఒకటి రెండు కింది ఆకులు కాగితంలా ఎండి రాలడం వయసు లక్షణం. దానికి కంగారు పడనక్కర్లేదు. ఆకుల మీద గరుకుగా, బెండు కట్టిన చిన్న మచ్చలొస్తే, తాగిన నీరు ఎక్కువై కణాలు పగిలి మానిన గుర్తులవి. తెగులు కాదు గానీ, హెచ్చరిక. కుండీ మీద సన్నని నల్లని ఈగలు ముసురుతున్నా మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటోందని లెక్క.

మరి మట్టి తడిగా ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? పై మట్టి మాట నమ్మవద్దు. పైన పొడిగా, తెల్లగా ఉన్నా నాలుగు అంగుళాల కింద తడి ఉండవచ్చు. దీనికి పరికరాలేవీ కొననక్కర్లేదు. కొబ్బరి చీపురు నుంచి ఒక ఎండు పుల్ల తీయండి. కుండీ అంచు వెంబడి, వేళ్లకు తగలకుండా, అడుగు అందేదాకా దించండి. పది నిమిషాలు ఆగి లాగండి. పుల్ల కింది భాగం నల్లబడి, మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. పుల్ల దించినప్పటి రంగులోనే, పొడిగా వస్తే పోయవచ్చు. ఒక్కో కుండీకి ఒక పుల్ల వదిలేసినా ఫరవాలేదు. చిన్న కుండీలైతే ఎత్తి చూడటమే చాలు. నీళ్లు పోసిన వెంటనే ఒకసారి, బాగా ఆరాక ఒకసారి ఎత్తి చూస్తే, తర్వాత బరువును బట్టి చేతికే తెలిసిపోతుంది.

ఇప్పుడు కుండీ దగ్గరికి వద్దాం. అడుగున రంధ్రం లేని కుండీ ఎంత అందంగా ఉన్నా సక్యులెంట్‌కు పనికిరాదు. బహుమతిగా వచ్చే పింగాణీ కప్పులు, గాజు గిన్నెలు చాలావరకు ఇవే. అడుగున గులకరాళ్లు పోస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. సరిపోదు. మట్టి పొరలో నీరు దిగుతూ దిగుతూ అడుగు భాగంలో కొంత మేర నిలిచిపోతుంది. అది భూమి ఆకర్షణకు కూడా లొంగని తడి. ఆ తడి పొర ఎంత మందం ఉంటుందన్నది మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. కింద రాళ్లు పోస్తే తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, అంటే వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం గుండా మట్టి జారిపోతుందనుకుంటే ఒక దోమతెర ముక్క వేయండి, చాలు.

మట్టి కుండీ గోడల గుండా కూడా తడి ఆవిరవుతుంది. వానలు ఎక్కువగా పడే చోట, గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ, కాకినాడ వంటి చోట్ల అదే మేలు. ప్లాస్టిక్, మెరుగు పూసిన పింగాణీ కుండీల్లో తడి చాలా రోజులు ఉంటుంది. వాడకూడదని కాదు, నీళ్లు అంత ఆలస్యంగా పోయాలి. ఇంకో పొరపాటు పెద్ద కుండీ. "పెరుగుతుంది కదా, ముందే పెద్దది పెడదాం" అని చిన్న ఎచెవేరియాను పది అంగుళాల కుండీలో పెడితే, వేళ్లు అందని మట్టి అంతా తడిని దాచుకుని కూర్చుంటుంది. వేళ్ల గుత్తి కంటే చుట్టూ అంగుళం ఎక్కువుంటే చాలు.

మట్టి సంగతి. నల్లరేగడి దీనికి పనికిరాదు. నీరు తాగి ఉబ్బుతుంది, వదలదు. ఉత్త ఎర్రమట్టి కూడా నాలుగు తడులకు బిగుసుకుపోతుంది. జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బఠాణీ గింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, వర్మీకంపోస్టు అర పాలు, రెండు పిడికెళ్ల బొగ్గు ముక్కలు కలపండి. ఇల్లు కడుతున్న చోట విరిగిన ఇటుకలు ఎప్పుడూ ఉంటాయి. కొట్టి, జల్లెడ పట్టి, పొడిని తీసేయాలి. ఆ పొడి కలిస్తే సందులు పూడిపోతాయి. గోడల పూతకు వాడే సన్న ఇసుక వద్దు. సముద్రపు ఇసుక అసలే వద్దు, ఉప్పు ఉంటుంది. పెర్లైట్, ప్యూమిస్ దొరికితే ఇటుక ముక్కలకు బదులు వాడుకోవచ్చు. కలిపిన మట్టిని తడిపి పిడికిట బిగించి వదలండి. విరిగి రాలిపోతే సరే. ముద్ద కట్టి నిలిస్తే ఇంకా ఇసుక, ఇటుక ముక్కలు పడాలి.

ఇంత చేసినా మొక్క పోయిందంటే ఒక్క చోటు చూడాలి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క చుట్టూ ఉన్న కొబ్బరిపొట్టు, అంటే కోకోపీట్. చిన్న మొక్కలను కోకోపీట్‌లో పెంచడం వాళ్లకు సులువు. తేలిక, రవాణాకు అనువు. కడియం నుంచి వచ్చినా, కాలింపాంగ్ నుంచి వచ్చినా, బెంగళూరు నుంచి వచ్చినా లారీలో బరువు తగ్గాలి కదా. వాళ్ల షేడ్ నెట్ కింద, వాళ్ల లెక్క ప్రకారం నీళ్లు పెడితే ఆ కోకోపీట్‌తో ఇబ్బంది లేదు. మనం మొక్కను ఆ ముద్దతో సహా తెచ్చి కొత్త మట్టిలో దించుతాం. చుట్టూ ఉన్న మట్టి రెండు రోజుల్లో ఆరిపోతుంది. నడుమన ఉన్న ముద్ద మాత్రం వారానికి కూడా ఆరదు. కాండం మొదలు సరిగ్గా ఆ తడి ముద్దలో ఉంటుంది.

ఒక జేడ్ మొక్కను తీసి చూద్దాం. కుండీని పక్కకు వంచి, గోడ మీద రెండు తట్లు తట్టి, కాండం మొదట్లో పట్టుకుని లాగితే మట్టి గుత్తితో వస్తుంది. బయటి ఎర్రమట్టి పొడిగా రాలిపోతుంది. లోపల కాఫీ రంగు ముద్ద కనిపిస్తుంది. పిండితే నీరు చెమరుస్తుంది. వేలితో విడదీస్తే ఒక్కోసారి దాని చుట్టూ సన్నని వల తొడుగు కూడా ఉంటుంది, వేళ్లు ఆ వల కన్నుల్లో ఇరుక్కుని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పై తోలు ఊడి చేతికొస్తుంది, లోపలి దారం ఒక్కటే మిగులుతుంది. అందుకని కొత్త మొక్క తేగానే వారం పాటు నీడలో ఉంచి, ఆ ముద్దను ఆరనిచ్చి, మెల్లగా దులిపి, మన మట్టిలోకి మార్చాలి. మార్చాక నాలుగైదు రోజులు నీళ్లు పోయకూడదు. మార్పిడిలో తెగిన వేళ్ల గాయాలు మానాలి.

నీళ్లు పోసే పద్ధతి కూడా చూద్దాం. రోజూ చెంచాడు చెంచాడు పోయడం, స్ప్రే సీసాతో ఆకులు తడపడం, రెండూ మంచివి కావు. స్ప్రే చేసిన నీరు ఎచెవేరియా ఆకుల నడుమ నిలిచి చిగురును కుళ్లబెడుతుంది. పోసినప్పుడు అడుగు రంధ్రం గుండా నీరు కారేంతగా, మట్టి మీదే, నిండుగా పోయాలి. పోశాక పూర్తిగా ఆరేదాకా మళ్లీ ముట్టుకోకూడదు. కింద పళ్లెంలోకి దిగిన నీటిని అరగంటలో పారబోయాలి. వానాకాలం, చలికాలం పొద్దున్నే పోస్తే మంచిది. ఎండాకాలంలో పొద్దు వాలాక. మిట్టమధ్యాహ్నం కాగుతున్న కుండీలో నీళ్లు పోస్తే వేళ్లు ఉడుకుతాయి.

కాలాన్ని బట్టి, మొక్క పుట్టిన ఊరును బట్టి లెక్క మారుతుంది. ఎచెవేరియాలు ఎక్కువగా మెక్సికో ఎత్తుప్రదేశాలవి. పగలు ఎండ ఉన్నా రాత్రి చల్లబడే చోటు వాటిది. మన విజయవాడలో మే నెల రాత్రులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఆ ఉక్కలో అవి ఎదుగుదల ఆపేసి కూర్చుంటాయి. ఎండలు కదా అని నీళ్లు పెంచితే, తాగని నీరు వేళ్ల దగ్గర మగ్గుతుంది. ఎండాకాలంలో వాటికి నీడ పెంచాలి, నీళ్లు తగ్గించాలి. ఎడీనియం దీనికి పూర్తిగా తలకిందులు. తూర్పు ఆఫ్రికా, అరేబియా దాని పుట్టిల్లు. ఎండల్లో విరగబూస్తుంది, నీళ్లు కూడా బాగానే తాగుతుంది. చలికాలంలో, ముఖ్యంగా హైదరాబాద్ వంటి చోట్ల, ఆకులు రాల్చి నిద్రపోతుంది. ఆకులు రాలాయని కంగారుపడి నీళ్లు పోస్తే, సంక్రాంతి వెళ్లేసరికి కింద ఊరిన మొదలు మెత్తబడుతుంది. ఆకు లేని ఎడీనియంకు నీళ్లు అక్కర్లేదు. మొదలు కొద్దిగా ముడతపడితే నెలకొకసారి కాసిని పోయవచ్చు.

స్నేక్ ప్లాంట్‌కు మరో కష్టం. ఆఫీసుల్లో, ఆసుపత్రుల వరండాల్లో వెలుతురు తక్కువ చోట పెడతారు. వెలుతురు తక్కువైతే మొక్క నీళ్లు తాగడం కూడా తగ్గుతుంది. దానికి తోడు వచ్చేపోయేవాళ్లు సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్లు అందులో పోస్తారు, పారబోయడం ఎందుకని. ఎవరికి వారు పుణ్యం చేస్తున్నామనుకుంటారు. నిలువుగా నిలబడ్డ ఆకు ఒకరోజు మొదట్లో విరిగి పడుతుంది, పట్టుకుంటే జిగురుగా ఉంటుంది. కలబందకు మాత్రం ఇంత నాజూకు లేదు. నేలలో ఉంటే వానలకు కూడా తట్టుకుంటుంది. చిన్న కుండీలో, నీరు నిలిస్తేనే కింది ఆకులు జావగారతాయి.

ఇక వైద్యం. ముందు ఎంత దూరం పోయిందో చూడాలి.

మొదటి దశ: మట్టి తడిగా ఉంది, రెండు మూడు ఆకులు పసుపుబారాయి, కాండం మాత్రం గట్టిగా ఉంది. మొక్కను గుత్తితో సహా బయటికి తీసి, పాత న్యూస్‌పేపరు మీద గాలి తగిలే నీడలో ఒకటి రెండు రోజులు ఉంచండి. పేపరు తడిని లాగేస్తుంది. వేళ్లు బాగుంటే గుల్లగా ఉండే మట్టిలో పెట్టి, వారం ఆగి నీళ్లు పోయండి. పసుపుబారిన ఆకులు తీసేయండి. చాలావరకు అక్కడితో సర్దుకుంటుంది.

రెండో దశ: వేళ్లు కుళ్లాయి, కాండం ఇంకా గట్టిగా ఉంది. మట్టి అంతా దులిపి, కుళ్లిన ప్రతి వేరునూ కత్తిరించాలి. కత్తెరను సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి వాడండి, ఒక్కో కోతకూ మళ్లీ తుడవండి. కొంచెం మిగిల్చినా అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది, మొహమాటం వద్దు. తర్వాత మొక్కను నీడలో, గాలి ఆడే చోట పడుకోబెట్టండి. చిన్న గాయమైతే మూడు నాలుగు రోజులు, లావు కాండమైతే వారం పది రోజులు. కోసిన చోట గట్టిగా పొర కట్టాలి. వేళ్లు లేకుండా అన్నాళ్లు ఎలా బతుకుతుందని భయపడకండి. ఒంట్లో దాచుకున్న నీరు ఇలాంటి రోజుల కోసమే.

మూడో దశ: కాండం మొదలు నల్లబడింది. ఇక కింది భాగం మీద ఆశ వదులుకోవాలి. పైనుంచి రెండు మూడు అంగుళాల కింద శుభ్రమైన బ్లేడుతో కోసి, కోతను చూడండి. కోత మధ్యలో గోధుమ రంగు చుక్కో వలయమో కనిపిస్తే కుళ్లు అక్కడిదాకా వచ్చినట్టు. ఇంకో అరంగుళం పైకి కోయండి. లోపల ఒకే రంగు, ఏ మచ్చా లేకుండా కనిపించేదాకా కోస్తూ వెళ్లాలి. ఆ కొసను ఆరబెట్టి పొడి మట్టిలో నిలబెడితే వారాల్లో కొత్త వేళ్లు వస్తాయి. ఎచెవేరియా, జేడ్ ఆకులు మొదలుతో సహా విడిపించి మట్టి మీద పరిస్తే ఒక్కో ఆకు నుంచీ పిల్ల మొక్క రావచ్చు. స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి నాటినా వస్తుంది. అయితే అంచున పసుపు చార ఉన్న రకమైతే ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లకు ఆ చార ఉండదు, ఆకుపచ్చగా వస్తుంది. చార కావాలంటే పిలకలు విడదీసి నాటాల్సిందే. కలబందకు కూడా పిలకలే దారి.

ఎడీనియం మొదలు మెత్తబడితే మెత్తబడిన భాగమంతా గట్టి కండ తగిలేదాకా చెక్కేసి, మొక్కను తలకిందులుగా నీడలో వేలాడదీసి ఆరబెడతారు. అనుభవం ఉన్న పెంపకందారులు చేసే పని ఇది. ఒక జాగ్రత్త. ఎడీనియం రసం విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం. చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

మందుల మాట. కోసిన చోట గంధకం పొడి చల్లవచ్చు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మట్టిని తడపవచ్చు. అందరూ వాడే కార్బెండజిమ్ కొన్ని శిలీంధ్రాల మీద పనిచేస్తుంది గానీ, పిథియం, ఫైటోఫ్తోరా మీద పనిచేయదు. కాబట్టి మందు వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అసలు తడి పోకుండా ఏ మందు వేసినా వృథా. ఇంకొకటి, ముఖానికో జుట్టుకో వాడుకునే కలబంద కుండీలో ఈ మందులు అసలు వేయవద్దు. కోలుకుంటున్న మొక్కకు ఎరువు కూడా వద్దు, ఎర్రటి ఎండ కూడా వద్దు. కొత్త చిగురు కనిపించాక మెల్లగా వెలుతురులోకి జరపండి.

వాడిన మొక్క మట్టి పొడిగానే ఉండి, వేళ్ల మీద తెల్లని దూదిలాంటివి కనబడితే అది కుళ్లు కాదు, పిండినల్లి. దాని వైద్యం వేరు. వేళ్లు కడిగి, మట్టి మార్చాలి. మధ్య చిగురు కూడా జావగారి వాసన వస్తుంటే మాత్రం ఆ మొక్కను వదిలేయండి. దాన్ని కంపోస్టు గుంతలో వేయకండి. ఆ మట్టిని వేరే సక్యులెంట్లకు వాడకండి. కుండీని కడిగి, బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కాసేపు నానబెట్టి, ఎండలో పెట్టాక మళ్లీ వాడుకోవచ్చు.

ఊరెళ్లేవాళ్లకు ఒక మాట. పండక్కి పది రోజులు ఊరెళ్తూ పక్కింటి పిన్నిగారికి కుండీలు అప్పగిస్తాం. ఆవిడ మాట నిలబెట్టుకునే మనిషి. మన మల్లెకు పోసినట్టే మన కలబందకూ రోజూ పోస్తుంది. మల్లెలు, తులసి ఆవిడకు అప్పగించండి. సక్యులెంట్లను మాత్రం నీడలోకి జరిపి, "వీటిని ముట్టుకోవద్దు పిన్నిగారూ" అని చెప్పి వెళ్లండి. రెండు వారాలు నీళ్లు లేకపోయినా అవి ఏమీ అనుకోవు.

వానలు ముదరక ముందు చేయాల్సిన పనులు నాలుగే. ప్రతి కుండీనీ ఎత్తి అడుగు రంధ్రం పూడిపోలేదు కదా చూడండి. కింద పళ్లేలు తీసేసి, రెండు ఇటుక ముక్కల మీద కుండీని నిలబెట్టండి, గాలి ఆడుతుంది. కోకోపీట్ ముద్దలో ఉన్నవాటిని ఈ వారమే మార్చండి. వాన జల్లు కొట్టే చోటి నుంచి సన్‌షేడ్ కిందికి, వెలుతురు పడే చోటికి జరపండి. ఈ నాలుగూ అయ్యాయంటే స్వాతి కార్తె దాకా మీ పని నల్లేరు మీద బండి నడకే. మధ్యలో ఎప్పుడైనా ఆకు వాడినట్టు కనిపిస్తే ముందు చీపురుపుల్ల, తర్వాతే చెంబు.